రెటీనా ఆపరేషన్ తరువాత కంట్లో చీము – ఇంటివారు గమనించవలసిన సంగతులు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంటిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు ఏ విషయం ఎన్నుకోవాలా అని మేము కొంత ఆలోచించాము. శుక్లాల గురించి అందరూ చెబుతూనే వున్నారు. నేత్రదానం గురించి చెప్పేవారూ వున్నారు. ఎవరూ అంతగా చెప్పనిది, చెప్పకపోవడం వల్ల కళ్ళు పోతున్నది ఒకటి వుంది. రెటీనాకు ఆపరేషన్ జరిగిన తరువాత కంటి లోపల సూక్ష్మక్రిములు చేరి చీము పట్టడం. డాక్టర్లు దీనిని ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. నోరు తిరగని పేరు. పేరు మరచిపోయినా ఫర్వాలేదు, సంగతి మాత్రం జ్ఞాపకం వుంచుకోండి.

ఈ సంగతి మన ఇళ్ళకెందుకు అంటారేమో. షుగరు ఇప్పుడు ఇంటింటి చుట్టమైపోయింది. ఏళ్ళ తరబడి షుగరు అదుపులో లేకపోతే కంటి వెనుక పొర పాడవుతుంది, లోపల రక్తం కారుతుంది, చూపు పోతుంది. దెబ్బలు తగిలి, లేదా హ్రస్వదృష్టి ఎక్కువై ఆ పొర వూడిపోయేవారూ వున్నారు. ఇలాంటి వారందరికీ రెటీనా ఆపరేషన్ అవసరం పడుతుంది. ఒకప్పుడు ఈ ఆపరేషన్ అంటే మద్రాసు వెళ్ళాలి అనేవారు. అక్కడ 1978లో శంకర నేత్రాలయ, హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వచ్చాయి. మెహదీపట్నంలో ప్రభుత్వం వారి సరోజినీదేవి కంటి ఆసుపత్రి వుండనే వుంది. ఇప్పుడు జిల్లా పట్టణాలలో కూడా రెటీనా డాక్టర్లు వున్నారు. కనుక ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చే పెద్దవాళ్ళు ప్రతి పేటలోనూ వుంటారు. ఆసుపత్రిలో వుండేది ఒక పూటో, ఒక రోజో. ఆ తరువాత ఆ కన్ను మీ చేతిలో వుంటుంది. అందుకే మీతో చెప్పాలనుకున్నాము.

ముందు కన్ను సంగతి. కెమెరాలో ఫిల్ము ఎలాంటిదో కంటిలో రెటీనా అలాంటిది. ఫిల్ము కెమెరాలు పోయాయి గాని పోలిక మాత్రం ఇప్పటికీ పనికి వస్తుంది. రెటీనాకు ముందు, కనుగుడ్డు నిండా కోడిగుడ్డు తెల్లసొన లాంటి జిగురు పదార్థం వుంటుంది. మొత్తం కలిపి 4 మిల్లీలీటర్లు, ఒక టీ చెంచాడు కూడా కాదు. రెటీనాను బాగుచేయాలంటే ఈ జిగురును ముందు తీసివేయాలి. దానికి విట్రెక్టమీ అని పేరు. నల్లగుడ్డు అంచుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డు మీద మూడు సన్నని రంధ్రాలు చేసి లోపలికి పనిముట్లు పంపి చేస్తారు. 1970లో అమెరికాలోని మయామీ నగరంలో రాబర్ట్ మాకెమర్ అనే డాక్టరు ఈ దారిని చూపించాడు. అంతకు ముందు కంటి మధ్య భాగంలోకి చేయి పెట్టడానికి డాక్టర్లు జంకేవారు. ఈనాటి పనిముట్లు అర మిల్లీమీటరు మందాన వుంటున్నాయి. చాలామందికి కుట్టు కూడా అక్కరలేదు. పని పూర్తయ్యాక రెటీనా అతుక్కుని నిలబడడానికి లోపల ఒక రకం వాయువునో, సిలికాన్ నూనెనో నింపుతారు. వాయువు నింపినవారు అది కరిగిపోయేదాకా విమానం ఎక్కకూడదు. ఉమ్రాకు టిక్కెట్టు కొనుక్కున్నవారు ఈ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

మరి క్రిమి ఎక్కడనుంచి వస్తుంది? ఆసుపత్రి మురికి వల్లనే వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరిగిన సందర్భాలు లేకపోలేదు. కాని ఎక్కువసార్లు ఆ క్రిమి రోగి కనురెప్పల మీద, తెల్లగుడ్డు పై పొర మీద ఎప్పటినుంచో వుంటున్నదే. మన అందరి చర్మం మీదా వుంటుంది. బయట వున్నంతసేపు ఏ హానీ చేయదు. ఆపరేషన్ రంధ్రం గుండా లోపలికి జారితేనే ప్రమాదం. కంటి మధ్య భాగంలో రక్తనాళాలు లేవు. ఒంట్లో మిగతాచోట్ల క్రిమిని ఎదిరించే తెల్లకణాలు అక్కడికి వెంటనే చేరలేవు. పాలలో తోడు చుక్క వేస్తే తెల్లవారేసరికి గిన్నె అంతా తోడుకున్నట్టు, కొద్దిపాటి క్రిములు రాత్రికి రాత్రే కన్నంతా ఆక్రమిస్తాయి. రెటీనా నరాల కణాలు ఒకసారి చచ్చిపోతే తిరిగి పుట్టవు. అందువల్ల ఈ జబ్బులో లెక్క రోజులతో కాదు, గంటలతో.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది అరుదైన జబ్బు. వెయ్యి రెటీనా ఆపరేషన్లు జరిగితే ఒక్కరికి కూడా రాదు, అంతకంటే తక్కువే. ఈ భయంతో ఆపరేషన్ మానుకోవద్దు. వూడిన రెటీనాను అలాగే వదిలేస్తే ఆ కంటికి చీకటి దాదాపు ఖాయం. ఆపరేషన్‌లో ఈ చీము ప్రమాదం వేయింట ఒక పాలు కూడా లేదు. ఏది మేలో మీరే తూచుకోండి. మేము చెప్పేది ఆపరేషన్ మానమని కాదు, ఆపరేషన్ తరువాత కన్నును కనిపెట్టి వుండమని.

అయితే కనిపెట్టడంలో ఒక చిక్కు వుంది. శుక్లం ఆపరేషన్ అయినవారికి మర్నాడు కట్టు విప్పగానే చూపు తేటగా వస్తుంది. అది మళ్ళీ మసకబారితే ఎవరికైనా తెలిసిపోతుంది. రెటీనా ఆపరేషన్ అలాంటిది కాదు. కంటిలో వాయువు వున్నన్నాళ్ళు చూపు ఎలాగూ వుండదు, ముఖం ముందు చేయి ఆడిస్తే కనిపించడమే గొప్ప. కన్ను ఎర్రగా వుండడం, కొంచెం సలపడం, నీరు కారడం, రెప్ప వాచడం మామూలే. చీము పడుతున్నప్పుడూ ఇవే గుర్తులు. దొంగ ఇంటివాళ్ళ బట్టలే కట్టుకుని తిరుగుతున్నట్టు వుంటుంది. మరి పట్టుకోవడం ఎలా?

ఒకటే కొలత. తగ్గుతున్నదా, పెరుగుతున్నదా? మామూలు నొప్పి, ఎరుపు రోజు రోజుకూ తగ్గుముఖం పడతాయి. నిన్నటికన్నా ఈరోజు నయం, ఈరోజుకన్నా రేపు నయం. చీము పట్టిన కన్ను దీనికి తలక్రిందులు. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ లేస్తుంది. నిన్న లేని ఎరుపు ఇవాళ వస్తుంది. పొద్దున కనిపించిన చేయి సాయంత్రానికి కనిపించదు. ఇది ఎక్కువగా మొదటి వారం రోజులలోనే జరుగుతుంది. బూజు జాతి క్రిములైతే వారాలు గడిచాక కూడా రావచ్చు.

మా దగ్గరకు వచ్చిన రెండు కుటుంబాల సంగతి పేర్లు లేకుండా చెబుతాము. అరవై దాటిన ఒక తల్లి. షుగరు వల్ల కంట్లో రక్తం కారి, వేరే ఊళ్ళో సోమవారం నాడు ఆపరేషన్ చేయించుకున్నది. మళ్ళీ సోమవారం చూపించుకోమని తేదీ రాసి ఇచ్చారు. బుధవారం రాత్రి కన్ను సలపడం మొదలయింది. "కోసిన కన్ను నొప్పి పుట్టదా" అని తనకు తానే సమాధానం చెప్పుకున్నది. గురువారం కోడలు అడిగితే "ఏం లేదులే బేటీ" అన్నది. కొడుకు పనిలోంచి వచ్చేది రాత్రి పదింటికి. వాడిని మళ్ళీ బస్సెక్కించడం ఎందుకు, ఒక రోజు కూలి పోగొట్టడం ఎందుకు అని ఆమె ఆలోచన. శుక్రవారం మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ళలు తెప్పించారు. బిళ్ళ వేసినప్పుడల్లా కొంచెం ఉపశమనం. శనివారానికి వెలుతురు కూడా తెలియలేదు. సోమవారం రాసిచ్చిన తేదీకి తప్పకుండా బయలుదేరారు. అక్కడి నుంచి మా దగ్గరకు పంపారు. కన్ను నిండా చీము. చేయవలసినవన్నీ చేశాము. కనుగుడ్డు నిలిచింది, చూపు నిలవలేదు. ఆ ఇంటివారు చెప్పిన తేదీ తప్పలేదు. తేదీకన్నా ముందే రావాలన్న మాట కాగితం మీద వుండనే వుంది, కాని ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో అడుగున వుంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవారు లేరు.

రెండో కుటుంబం ఒక మెకానిక్కుది. రెటీనా వూడితే ఆపరేషన్ చేసి వాయువు నింపారు. ఏడో తరగతి చదివే ఆయన కూతురికి మేము ఒక పని అప్పగించాము. పొద్దున, సాయంత్రం బాగున్న కన్ను మూయించి, ఆపరేషన్ అయిన కంటి ముందు చేయి ఆడించి, కనిపించిందో లేదో నోటుబుక్కులో రాయాలి. మూడు రోజులు "చేయి కనిపించింది" అని రాసింది. నాలుగో రోజు సాయంత్రం చేయి కనిపించలేదు, లైటు వెలుగు మాత్రం తెలుస్తున్నది. ఆయనకు నొప్పి పెద్దగా లేదు, రేపు చూద్దాం లెమ్మన్నాడు. "పొద్దున కనిపించిందన్నారు గదా అబ్బా" అని ఆ పిల్ల పట్టుబట్టి తల్లిని లేవదీసింది. రాత్రి పదకొండు గంటలకు ఆటోలో వచ్చారు. ఆ రాత్రే కంటిలో మందు పడింది. ఆయన ఇప్పుడు మనుషులను గుర్తుపడతాడు, తన షాపు తాను నడుపుకుంటున్నాడు.

ఈ రెండు కళ్ళకూ పట్టిన జబ్బు ఒకటే, ఇచ్చిన మందులూ అవే. ఒకరు ఐదో రోజున వచ్చారు, ఒకరు కొద్ది గంటలలో వచ్చారు. తేడా అంతా అక్కడ వుంది.

నొప్పి లేదు కదా అని ధైర్యంగా వుండవద్దు. అమెరికాలో 1995లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన, శుక్లం ఆపరేషన్ తరువాత కంట్లో చీము పట్టిన 420 మందిని పరిశీలించింది. వారిలో దాదాపు నాలుగో వంతు మందికి నొప్పే లేదు. అందుచేత నొప్పి ఒక్కటే చూడకండి. నొప్పి, ఎరుపు, చూపు మూడింటినీ చూడండి. వీటిలో ఏ ఒక్కటి నిన్నటికన్నా ఎక్కువ చెడినా ఆ పూటే బయలుదేరండి. నల్లగుడ్డు అడుగున తెల్లని గీత పేరుకున్నట్టు కనిపించినా, రెప్ప బాగా వాచి తెరవలేకపోయినా, తలనొప్పితో వాంతులు అవుతున్నా అంతే. వాంతులు కంటిలో ఒత్తిడి పెరగడం వల్ల కావచ్చు. అదీ ఆగేది కాదు. ఏది చీమో, ఏది ఒత్తిడో, ఏది మామూలు వాపో తేల్చడం డాక్టరు పని. తీసుకురావడం మాత్రం మీ పని.

ఎక్కడికి వెళ్ళాలి? ఆపరేషన్ చేసిన చోటికి. అది దూరమైతే దగ్గరలో రెటీనా డాక్టరున్న ఆసుపత్రికి. ఫోను చేసి "రెటీనా ఆపరేషన్ అయి ఇన్ని రోజులైంది, చూపు తగ్గుతున్నది" అని ఆ ఒక్క ముక్క చెప్పండి. ఆసుపత్రి కాగితాలు, వాడుతున్న చుక్కల సీసాలు, షుగరు బిళ్ళల చీటీ వెంట తీసుకుపొండి.

అక్కడ ఏం చేస్తారో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. కంటి లోపలి నుంచి సూదితో ఒకటి రెండు చుక్కల ద్రవం తీసి పరీక్షకు పంపుతారు. ఫలితం వచ్చేదాకా ఆగరు. వెంటనే కంటి లోపలికే మందు ఇస్తారు. సాధారణంగా వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడిమ్ 2.25 మిల్లీగ్రాములు. ఒక్కొక్కటి మిల్లీలీటరులో పదో వంతు, అంటే సుమారు రెండు చుక్కలు. కంటిలో వాయువో నూనెో వుంటే డాక్టరు ఆ మోతాదు చూసుకుని ఇస్తారు. బిళ్ళలు మింగితే సరిపోదా అని అడుగుతారు. రక్తంలోని మందును కంటి లోపలికి అంత సులభంగా పోనివ్వని అడ్డుగోడ ఒకటి వుంది. అందుకే మందును నేరుగా కంటిలోనే వేయాలి. అవసరమైతే మళ్ళీ ఆపరేషన్ చేసి లోపలి చీమును కడిగివేస్తారు. "కంటిలో సూదా!" అని వెనక్కి లాగకండి. మత్తు చుక్కలు వేసి, లేదా మత్తు ఇచ్చి చేస్తారు. ఆ సూదికి ఒప్పుకోక పోగొట్టుకున్న కన్ను మళ్ళీ రాదు.

రాకుండా చూసుకోవడం ఎలా అన్నది తరువాతి మాట. ఆపరేషన్‌కు ముందు కంటిని, రెప్పలను పోవిడోన్ అయోడిన్ అనే గోధుమరంగు మందుతో శుభ్రం చేస్తారు. దీనివల్ల చీము పట్టడం తగ్గుతుందని 1991లో అమెరికా డాక్టర్లు నిరూపించారు. కంట్లో కొంచెం మంట పుడుతుంది, ఓర్చుకోండి. మీ వైపునుంచి చేయవలసింది దాచకుండా చెప్పడం. కంటి కొనలో పుసి కట్టినా, నొక్కితే ముక్కు పక్కన చీము వచ్చినా, రెప్ప మీద కురుపు వున్నా, షుగరు వారికి కాలిమీద పుండు వున్నా ముందే చెప్పాలి. ఆపరేషన్ తేదీ తప్పిపోతుందని దాచేవారున్నారు. అది కొరివితో తల గోక్కోవడమే.

ఇంటికి వచ్చాక చుక్కలు వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీసా మూతి కంటికి గాని, రెప్పకు గాని తగలకూడదు. ఒకరి సీసా మరొకరికి వాడరాదు. మూత తీసి నెల దాటిన సీసా పారవేయండి. కన్ను నలపకూడదు. డాక్టరు సరే అనేదాకా కంట్లో నీళ్ళు పడకూడదు. చనుబాలు, ఆముదం, తేనె, ఆకు పసరు, నందివర్ధనం పూల రసం, ఏవీ వద్దు. సుర్మా అసలే వద్దు. పండుగ వచ్చినా వద్దు. మెడికల్ షాపులో అడిగి ఎర్రకంటి చుక్కలు తెచ్చుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. వాటిలో కొన్నింట స్టెరాయిడ్ వుంటుంది. పైకి ఎరుపు తగ్గినట్టే వుండి లోపల క్రిమి పెరుగుతుంది. డాక్టరు రాసిన చుక్కలు రాసినన్ని రోజులు, రాసినన్ని సార్లు వేయండి.

మన ఇళ్ళలో తప్పక వచ్చే ప్రశ్నలు కొన్ని వున్నాయి. వుజూ చేసేటప్పుడు ముఖం మీద నీళ్ళు పోసుకోవచ్చునా? సజ్దా చేయవచ్చునా? రంజాన్‌లో రోజా వుండి చుక్కలు వేసుకోవచ్చునా? నీళ్ళు హాని చేసే రోగికి, వంగలేని రోగికి ధర్మంలో వెసులుబాటు వుందని మీకు తెలుసు. ఎంతవరకు నీళ్ళు తగలకూడదో, తల ఎలా వుంచాలో డాక్టరును అడగండి. ఆ మాట పట్టుకుని మసీదులో ఇమాము సాహెబు గారిని అడగండి. రెండూ ఆపరేషన్‌కు ముందే అడిగి వుంచుకోండి. ఎవరినీ అడగకుండా ఇఫ్తారు దాకా చుక్కలు ఆపడం, ఎవరికీ చెప్పకుండా కన్ను కడగడం మాత్రం చేయకండి.

చివరగా సంఘానికి మా మనవి. మా అనుభవంలో ఆలస్యానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు. రాత్రిపూట తోడు వచ్చేవారు లేకపోవడం, చేతిలో పైసలు లేకపోవడం, ఇంట్లో వారికి శ్రమ ఎందుకని పెద్దవాళ్ళు నోరు మెదపకపోవడం. ఆడవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఇల్లంతా భోంచేశాకగాని తన నొప్పి సంగతి ఎత్తని తల్లులు మనకు తెలుసు. వీటికి మందు మా దగ్గర లేదు, మీ దగ్గర వుంది.

ప్రతి పేటకు ఇద్దరు యువకుల పేర్లు, ఫోను నంబర్లు రాసి సంఘం గోడమీద పెట్టండి. రాత్రి ఎప్పుడు పిలిచినా రోగి వెంట వెళ్ళేవారై వుండాలి. బండి కిరాయికి, మొదటి రోజు ఖర్చుకు కొంత పైకం సంఘం ఖాతాలో విడిగా వుంచండి. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కార్డు వున్నవారు ఆసుపత్రిలో చేరేటప్పుడే దాన్ని చూపించి ఏది వర్తిస్తుందో అడిగి తెలుసుకునేలా సాయపడండి. ఆసుపత్రి నుంచి వచ్చిన కాగితాన్ని చదువుకున్న పిల్లల చేత ఇంట్లో తెలుగులోనో, ఉర్దూలోనో పైకి చదివించండి. రాత్రి ఫోను నంబరు పెద్ద అంకెలతో గోడకు అతికించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కన్ను చూసే పని ఇంట్లో ఒక్కరికి, పేరు పెట్టి అప్పగించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

మీలో ఎవరైనా అర్ధరాత్రి వచ్చి, మేము చూసి, "ఏమీ లేదు, మామూలు ఎరుపే" అని పంపించినా దాన్ని వృథా ప్రయాణం అనుకోకండి. మాకూ విసుగు లేదు. పదిమంది అలా వచ్చి వెళితే పదకొండో మనిషి కన్ను దక్కుతుంది.